నిద్రపట్టని మనిషికి రెండు గుంటల కాపలా

పోయిన నెలలో ఒక కుర్ర టెక్నీషియన్ నాకు ఫోన్ చేశాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు కోట మండలం వైపు ఎవరివో రొయ్యల గుంటలు చూస్తున్నాడు. కుశల ప్రశ్నలు అయ్యాక గొంతు తగ్గించాడు.

“సార్, మా కాపలా మనిషి ఒకాయన గంజాయి తాగి పడుకుంటుండాడు. పగలు బాగా నిద్రపోతాడు, రాత్రికి ఠంచనుగా లేచొస్తాడు. పనికేం లోటు లేదు. చూసీ చూడనట్టు వదిలేసేదా, లేకుంటే పట్టుకుని మాన్పించేసేదా?”

నోటిదాకా వచ్చిన తిట్టును ఆపుకున్నాను. వాడు అడిగిన రెండు పనులూ నేను చేసినవే. మొదట ఒకటి, తర్వాత రెండోది. ఆ రెండింటి మధ్య ఒక మనిషి నలిగిపోయాడు.

“ఆయన పడుకునేది ఎక్కడ?” అని అడిగాను.

“షెడ్డులోనే సార్. జనరేటర్ పక్కన.”

“రేపు మధ్యాహ్నం నువ్వక్కడికి పోయి ఒక గంట పడుకో. నిద్రపడితే మళ్లీ ఫోన్ చెయ్యి.”

వాడు మళ్లీ చేయలేదు. అందుకే ఇది రాస్తున్నాను, వాడి కోసమూ, వాడిలాగా ఇప్పుడిప్పుడే గుంటల మీదికి వస్తున్న కుర్రవాళ్ల కోసమూ. మేత ఎంత వేయాలో, నీళ్లు ఎట్లా పరీక్షించాలో ఇందులో ఉండదు. అవి మీకు నాకంటే బాగా వచ్చు. మనుషుల సంగతి మాత్రం మీకు ఎవరూ నేర్పరు. నాకూ నేర్పలేదు. నేర్పలేదని చెప్పి తప్పించుకోవడానికి మాత్రం ఇది రాయడం లేదు.

నేను ఎక్కువ కాలం పనిచేసింది తోటపల్లి గూడూరు దాటాక, సముద్రం వైపు. వరి మళ్లు అయిపోయి, గాలిలో ఉప్పు తగిలే చోట మొదలవుతాయి గుంటలు. యజమాని నెల్లూరులో ఉండేవాడు. గుంటల మీద మేనేజర్ని నేను. ఒక్కో గుంటకు ఒక్కో కాపలా మనిషి. మా దగ్గర మనుషుల్ని గుంట నంబరుతో పిలవడం అలవాటు. జీతాల రోజున తప్ప వాళ్ల పేర్లు ఎవరి నోటా వినిపించేవి కావు. నేనిప్పుడు చెప్పబోయే మనిషి మూడో గుంటాయన.

కాపలా అంటే దొంగల కోసం కాదు. గుంటలో ఏరియేటర్లు అని చక్రాలు తిరుగుతూ నీళ్లను చిలుకుతుంటాయి. రొయ్య పీల్చే గాలి ఆ చిలకడం వల్లే నీళ్లలో నిలుస్తుంది. రొయ్య ఎదిగేకొద్దీ గాలి ఎక్కువ కావాలి, తెల్లవారుజామున నీళ్లలో అది బాగా పడిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోతే కాపలా మనిషి పరుగెత్తి జనరేటర్ వేయాలి. వేయలేదా, నెలల తరబడి మేపిన పంట తెల్లారేసరికి వెల్లకిలా తేలుతుంది. కరెంటు పోగానే తనంతట తానే అందుకునే జనరేటర్లు ఉన్నాయి. పెట్టించమని యజమానిని రెండుసార్లు అడిగాను. “మనిషి ఉండాడు గదా, మళ్లీ మిషను ఎందుకు?” అన్నాడు. మూడోసారి నేను అడగలేదు. నా తప్పుల్లో మొదటిది అక్కడే ఉంది.

కాబట్టి ఆ మనిషి రాత్రంతా మేలుకోవాలి. పోనీ పగలు పడుకుంటాడా అంటే, పొద్దున మేత చల్లాలి, వలతో రొయ్య తీసి చూడాలి, గట్టుకు గండి పడితే పూడ్చాలి. మధ్యాహ్నం మిగిలిన కాస్త సమయంలో రేకుల షెడ్డులో పడుకోవాలి. పైన రేకు కాలుతుంటుంది, పక్కన మోటార్లు మోగుతుంటాయి, మేత బస్తాల వాసనకు ఈగలు ముసురుతుంటాయి. నేను మాత్రం ఆఫీసు గదిలో ఫ్యాను కింద ఒక కునుకు తీసేవాణ్ని.

మూడో గుంటాయనది కోట దగ్గర పల్లె. సొంత పొలం లేదు. నలభై దాటిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే నవ్వించేవాడు. పనిలో చేరిన కొత్తలో కళ్లు ఎర్రగా, మొహం వాచినట్టు ఉండేవాడు. కొన్నాళ్లకు తేరుకున్నాడు. మధ్యాహ్నం పడుకున్నాడంటే మేతల లారీ వచ్చి హారన్ కొట్టినా కదలడు. సాయంత్రం మొహం కడుక్కుని తాజాగా గట్టెక్కేవాడు. ఈ మార్పు ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. షెడ్డు వైపు పోతే వాసన వచ్చేది. ఒక లారీ డ్రైవరు చిన్న పొట్లం ఇచ్చి పోతుండేవాడు.

నేనేమన్నానో చెబుతాను. “ఏందబయా, నీ మందు వేసుకున్నావా?” అన్నాను.

“వేసుకుంటేనే సార్ కన్ను మూతపడేది. ఈ రేకుల కింద ఉత్తి కళ్లతో ఎవరు నిద్రపోతారు?” అని నవ్వాడు.

నేనూ నవ్వాను. నాకు కావలసింది రాత్రి మేలుకునే మనిషి. ఆ మనిషి పగలు ఎట్లా నిద్రపోతే నాకేం? మీరు నన్ను తిట్టుకోవాల్సిన చోట్లు ఇందులో చాలా ఉన్నాయి, ఇది ఒకటి. తాగి తూలేవాణ్ని మేనేజరు పనిలోంచి తీసేస్తాడు. తాగి బాగా పనిచేసేవాణ్ని పొగుడుతాడు. నేను యజమాని ముందు ఆయన్ని పొగిడాను కూడా.

మొదట్లో ఒక్కసారి పీలిస్తే సరిపోయేదట. తర్వాత రెండు, ఆ తర్వాత పడుకునే ముందొకటి, నడుమ మెలకువ వస్తే ఒకటి. పొట్లం రావడం ఆలస్యమైన రోజున ఆయన మొహం చూస్తే తెలిసిపోయేది. మాటకు ముందు కసురుకునేవాడు. నాలుగో గుంటాయన, వయసులో పెద్దవాడు, వెటకారం ఎక్కువ, “ఇయ్యాల మా మూడో గుంటలో ఆక్సిజన్ పడిపోయింది సార్, దగ్గరికి పోవద్దు” అనేవాడు. మేం నవ్వుకునేవాళ్లం.

పంట చేతికొచ్చే రోజులు దగ్గర పడ్డాయి. అప్పుడే జిల్లాలో గంజాయి మీద పోలీసుల నిఘా పెరిగింది. చెక్‌పోస్టుల దగ్గర లారీలు ఆపుతున్నారు. యజమాని ఒక రోజు కారు దిగుతూనే అన్నాడు, “గంజాయి అనే మాట నా గట్ల మీద వినపడకూడదు. వినపడిందా, నీదే బాధ్యత.”

బాధ్యత అన్న మాట నా మీదికి వచ్చేసరికి నాకు నీతి గుర్తొచ్చింది. అదే మధ్యాహ్నం షెడ్డుకు పోయాను. ఆయన దిండు కింద ఉన్న పొట్లం తీసి, కళ్ల ముందే కాలవలో పారేశాను. వాళ్ల అమ్మాయి మీద ఒట్టు పెట్టించుకున్నాను, ఇంక తాగనని. ఆయన మారు మాట్లాడకుండా ఒట్టు వేశాడు. చిత్రమేమంటే, ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు.

ఒట్టు వేయించిన నేను మాత్రం ఆ రాత్రికి ఆయన డ్యూటీ మార్చలేదు. మరుసటి రాత్రికీ మార్చలేదు.

కొద్ది రోజులకే ఆయన ఆఫీసు గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది.

“సార్, కన్ను మూతపడటంలా. రాత్రీ లేదు, పగలూ లేదు. ఎప్పుడన్నా రెప్ప వాలితే ఒకటే కలలు. రొయ్యలన్నీ గుంటలోంచి గట్టెక్కి నా మీదికి నడిచొస్తుండాయి.”

“మీసాలు ఊపుకుంటూనా?” అన్నాను. పక్కనున్న అకౌంటెంటు నవ్వాడు.

ఆయన నవ్వలేదు. “నాలుగు రోజులు ఇంటికి పంపండి సార్. మా ఇంటామె దగ్గర పడుకుని వస్తా. లేదంటే పగలు పనేదన్నా ఇయ్యండి, రాత్రి వేరేవాళ్లని పెట్టండి. నాకు బయంగా ఉండాది.”

మా గుంటల మీద ఒక కట్టుబాటు ఉంది. పట్టుబడి దగ్గర పడితే, అంటే రొయ్యను పట్టి అమ్మే రోజులు దగ్గరకొస్తే, గట్టు దిగి ఎవరూ ఇంటికి పోకూడదు. ఎవరైనా చనిపోతే తప్ప. గుంటలో లక్ష్మి ఉండగా కాపలా మారితే కలిసిరాదని యజమాని నమ్మకం. అది నమ్మకమా, కొత్త మనిషిని పెట్టే ఖర్చు తప్పించుకునే ఉపాయమా అని నేను ఏనాడూ అడగలేదు. ఆ రోజు ఆ కట్టుబాటునే ఆయనకు చెప్పాను.

“పట్టుబడి అయిపోనీ. ఆమీద నెలంతా పడుకుందువులే. ఇదంతా దాని మీద యావ. ఓర్చుకో.”

“యావ కాదు సార్, నిద్ర,” అన్నాడు.

నేను నమ్మలేదు. నిద్ర పట్టడం లేదని ఏడిస్తే జాలిపడి మళ్లీ తాగనిస్తానని నాటకమాడుతున్నాడనుకున్నాను. గంజాయి మానిన మనిషి అన్న తర్వాత ఆ మనిషి చెప్పే ఏ మాటనూ మనం నమ్మం. తాగేటప్పుడు నమ్మి గుంటెడు రొయ్యను చేతిలో పెట్టే మనమే, మానిన తర్వాత ఒక్క మాట నమ్మం.

మీలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రాత్రి కాపలా మనుషులు మేలుకుని ఉన్నారా లేదా అని చూడటానికి నేను ఒక పద్ధతి పెట్టాను. ఆఫీసు మిద్దె మీద నుంచి టార్చిలైటు ఊపితే, గట్ల మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ తమ టార్చి ఊపాలి. వెలుగు వచ్చిందంటే మనిషి మేలుకున్నట్టు. ఈ పద్ధతి నేనే కనిపెట్టానని గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఆ రోజుల్లో మూడో గుంట నుంచి వెలుగు క్రమం తప్పకుండా వచ్చేది. అది చూసి, “నిద్ర లేదంటాడు గానీ రాత్రి బాగానే ఉండాడు” అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, ఆ టార్చి ఊపింది నాలుగో గుంటాయన. మూడో గుంటాయన కూర్చున్న చోటే ఒరిగిపోతుంటే, ఈయన రెండు గట్ల మధ్య తిరుగుతూ, తన టార్చి ఒకసారి, ఆయన టార్చి ఒకసారి ఊపేవాడు. కరెంటు పోతే రెండు జనరేటర్లూ వేసేవాడు. రెండు గుంటల పని మోస్తూ పక్కవాడి పరువు కాపాడుతున్నాడు. నేను ఎత్తున నిలబడి వెలుగులు లెక్కపెట్టుకుంటున్నాను.

ఆ నాలుగో గుంటాయనకు మామ చనిపోయినట్టు కబురొచ్చింది. చావు కాబట్టి కట్టుబాటు అడ్డం రాదు. సంగం వైపు ఏదో ఊరు. పొద్దున్నే వచ్చి చెప్పాడు.

“పోయి రా,” అన్నాను.

ఆయన కదల్లేదు. “మూడో గుంటకు కూడా ఎవరినన్నా పెట్టండి సార్ ఈ రాత్రికి. వాడివల్ల కాదు.”

“ఎందుకు కాదు? రోజూ మేలుకుంటానే ఉండాడు గదా.”

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. నిజం చెబితే మూడో గుంటాయన పని పోతుందని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని భయం. “వాడికి ఒంట్లో బాలేదు సార్,” అని మాత్రం అని బస్సుకు పోయాడు.

నేను మూడో గుంటాయన్ని పిలిచి, “ఈ రాత్రికి నాలుగు కూడా నువ్వే చూసుకో,” అన్నాను. ఆయన నా మొహం చూశాడు. వద్దనలేదు. వద్దనే ఓపిక కూడా పోయిందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ రాత్రి మొదట్లో టార్చి వెలిగింది. ఆ తర్వాత నేను కిందికి దిగి ఫ్యాను కింద పడుకున్నాను. నాకు మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. కరెంటు ఎప్పుడో పోయింది. నా ఫ్యాను ఆగిపోయి, ఒళ్లంతా చెమట పట్టినా నాకు తెలియలేదు. మిగతా గుంటలవాళ్లు తమ జనరేటర్లు వేసుకున్నారు. ఆ మోతలో మూడు, నాలుగు మూగగా ఉన్న సంగతి ఎవరికీ తెలియలేదు. పరుగెత్తి పోయేసరికి రెండు గుంటల్లోనూ రొయ్యలు గట్ల వెంట తెల్లగా పేరుకుని ఉన్నాయి. కొంగలు దిగాయి. జనరేటర్ షెడ్డు గోడకు వీపు ఆనించి మూడో గుంటాయన కూర్చున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అన్ని రోజుల తర్వాత ఆ మనిషికి నిద్రపట్టింది. నేను కాలితో తట్టి లేపాను. చేతితో కాదు.

యజమాని వచ్చేసరికి ఎండెక్కింది. చుట్టుపక్కల గుంటల రైతులు కూడా వచ్చారు, చావు ఇంటికి వచ్చినట్టు. యజమాని రెండు గట్లూ తిరిగి చూశాడు. మూడో గుంటాయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

“తాగినావా?”

“లేదు సార్.”

“తాగకుండానే చచ్చినోడిలా పడి నిద్రపోయినావా?”

“మానేసినా సార్. మానేసిన కాడి నుంచి నిద్రలేదు. మేనేజర్ సారే పొట్లం పారేసినాడు. ఒట్టు కూడా వేయించుకున్నాడు. అడగండి.”

యజమాని నా వైపు తిరిగాడు. రైతులందరూ తిరిగారు. నేను చెప్పాల్సింది రెండు ముక్కలు. ఈ మనిషి మానేశాడు, నిద్ర లేదని నాతో మొరపెట్టుకున్నాడు, నేనే ఇంటికి పంపలేదు, పైగా నాలుగో గుంట కూడా నెత్తిన పెట్టాను. ఇది చెబితే తర్వాతి ప్రశ్న నాకు వస్తుంది. నా నోటి నుంచి వచ్చింది ఇది.

“అలవాటున్న మనిషే సార్.”

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే అంత తేలిగ్గా అనగలిగాను. మూడో గుంటాయన నన్ను తిట్టలేదు, బతిమాలలేదు. తల దించుకుని గుంట వైపు చూశాడు. యజమాని డ్రైవరు షెడ్డు వెతికి, ఎప్పటిదో, గంజాయి పీల్చి మాడిన మట్టి గొట్టం ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని ఆయన చేతిలో పెట్టి ఫోటో తీశారు. పోలీసులకు ఇస్తామన్నారు. రైతుల్లో ఒక పెద్దాయన, “పట్టుబడి రోజుల్లో గట్ల మీదికి పోలీసులు ఎందుకబ్బా, మనకే తలనొప్పి,” అంటే ఆగారు. జాలితో ఆగలేదని గమనించండి.

ఫోటో మాత్రం ఆగలేదు. రైతులకు ఫోన్లలో ఒక గ్రూపు ఉండేది. మేత ధరలు, రొయ్య ధరలు అందులో పెట్టేవారు. ఆ సాయంత్రం ఆయన ఫోటో పెట్టారు. కింద, ‘గంజాయి మనిషి. ఎవరూ పని ఇవ్వొద్దు’ అని రాశారు. అందరూ ఒక్కొక్కరూ ఏదో ఒకటి పెట్టారు. నేను చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఫోటోలో ఉన్న మనిషి వాళ్ల అమ్మాయి మీద ఒట్టేసి నిలబెట్టుకున్నాడని ఆ గ్రూపులో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఇంకో మాట. ఆ రాత్రి నేనూ నిద్రపోయాను. ‘మేనేజరు ఎక్కడ పడుకున్నాడు?’ అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నా నిద్ర అలసట. ఆయన నిద్ర నేరం. ఈ తేడా తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది, అప్పుడు మాత్రం హాయిగానే ఉంది.

ఆయనకు ఈ ఒడ్డున ఏ గుంట మీదా పని దొరకలేదు. నేను మరి కొన్నేళ్లు చేసి రిటైరయ్యాను. శాలువా కప్పారు.

రిటైరయ్యాక బీపీ చూపించుకోవడానికి నెల్లూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాను. నా కూతురి వయసు ఉంటుంది. ఒకసారి రోగులు లేని సమయంలో, ఎవరో తెలిసిన మనిషి సంగతి అన్నట్టు ఇదంతా అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. గంజాయి మొదట్లో త్వరగా నిద్ర పట్టించినట్టే ఉంటుందట. వాడేకొద్దీ ఒళ్లు దానికి అలవాటు పడి, అంతే మోతాదుకు అంత నిద్ర రాదట. కలలొచ్చే నిద్రను అది నొక్కిపెడుతుందట. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే, నిద్ర పూర్తిగా ఎగిరిపోతుంది, చెమటలు, చిరాకు. కాస్త పట్టినా, నొక్కిపెట్టిన కలలన్నీ ఒక్కసారి మీదపడతాయి. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

“అంటే ఆయన నాటకం ఆడలేదంటారు,” అన్నాను.

“నాటకమా? ఆ రోజుల్లోనే గదండీ మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సింది. ఆ స్థితిలో రాత్రి డ్యూటీ వేసిన మహానుభావుడు ఎవరు?”

నేను బీపీ కాగితం మడుచుకుని బయటికి వచ్చాను. నేనే అని చెప్పడానికి ఆ రోజు కూడా నోరు రాలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడతో చెప్పాను. “ఆయన ఎక్కడుండాడో కనుక్కో,” అంది.

కనుక్కున్నాను. చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పగటి పని. పని వేళ పోయాను గనుక ఆయన ఇంట్లో లేడు. ఆయన భార్య వాకిట్లో చేపలు శుభ్రం చేస్తోంది. నేనెవరో చెప్పాను. చేతులు కడుక్కోలేదు, లేవలేదు.

“తప్పు చేసినానమ్మా. ఆ రోజు నిజం చెప్పలేదు. క్షమాపణ అడగడానికి వచ్చినా,” అన్నాను.

“నిజం ఏందో మాకు తెలుసు గద సార్. మాకు చెప్పి ఏం లాభం?” అంది. “మా అమ్మాయి పెళ్లి సంబంధమొకటి ఆ ఫోటో చూసి వెనక్కి పోయింది. ఎవరి ముందు ఆ మాట అన్నావో వాళ్ల ముందుకు పోయి చెప్పు. నా వాకిట్లో చెప్పేదేంది?”

ఆమె మాట నాకు కొరడా తగిలినట్టు తగిలింది. నేను ఒంటరిగా క్షమాపణ చెప్పి, తేలికపడి పోదామని వచ్చాను. నా నిద్ర కోసం వచ్చాను తప్ప ఆయన పేరు కోసం కాదు.

మొదట యజమాని దగ్గరికి పోయాను. అంతా విన్నాడు. “మూడో గుంటా? ఎవరబ్బా?” అన్నాడు. మొహం గుర్తు లేదు. పోయిన రొయ్య ఎన్ని టన్నులో మాత్రం తడుముకోకుండా చెప్పాడు. కాఫీ తాగమన్నాడు. నేను తాగలేదు. అంతకంటే నేను చేయగలిగింది కూడా అక్కడ ఏమీ లేదు.

ఆ గ్రూపులోంచి నన్ను రిటైరైన రోజునే తీసేశారు. కాబట్టి సాయంత్రాలు రైతులు కూర్చునే మేతల దుకాణానికి పోయాను. ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. నిలబడే చెప్పాను. పొట్లం సంగతి, ఒట్టు సంగతి, ఆయన నా గుమ్మంలో నిలబడి అడిగినది, నేను నవ్వినది, నాలుగో గుంట కూడా అంటగట్టినది, నేను నిద్రపోయినది, అన్నీ. మధ్యలో ఒకాయన, “ఇప్పుడెందుకు సార్ అవన్నీ,” అన్నాడు. ఆపకుండా చెప్పాను.

దుకాణంలో బస్తాలు మోస్తున్న నాలుగో గుంటాయన కూడా అక్కడే ఉన్నాడు. కాపలా మానేసి చాలా కాలమైందట. బస్తా దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అన్నాడు.

“మా కాపలావాళ్లందరికీ తెలుసు సార్. మీ నోటితో ఎప్పుడు వస్తుందా అని చూసినాం. చానా తీరిగ్గా వచ్చింది.”

ఎవరూ నవ్వలేదు. పోలీసులు వద్దన్న ఆ పెద్ద రైతే ముందు మాట్లాడాడు. “అయితే మనం అన్యాయం చేసినట్టే. నా గుంటలకు మనిషి కావాల. రమ్మనండి ఆయన్ని. రేపట్నుంచే చేర్చుకుంటా.” ఇంకొకాయన ఫోన్ తీసి, గ్రూపులో అప్పటి ఫోటో తప్పని రాస్తానన్నాడు. మా కళ్ల ముందే రాశాడు కూడా.

నాకు గుండెల మీది బరువు దిగినట్టయింది. అక్కడి నుంచే, ఆ రోజు వాకిట్లో ఆయన భార్యను అడిగి రాసుకున్న నంబరుకు ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టాను. జరిగింది చెప్పాను.

“ఫోటో తీసేసినారా?” అన్నాడు.

“తప్పని రాసినారు. అందరూ చూస్తుండారు.”

“మంచిది. మా ఇంటామెకు చూపించాల.”

“నన్ను,” అని మొదలుపెట్టాను.

“ఉండనీండి సార్ అది. పని మాట చెప్పండి. ఆ గుంటల మీద రాత్రికి ఎందరిని పెడతారంట?”

నేను రైతు వైపు చూశాను. ఆయన దుకాణం గోడ మీది మేతల క్యాలెండరు వైపు చూస్తూ, “గుంటకొకడే గదా. అందరూ అంతే గదా,” అన్నాడు. ఆ మాట స్పీకరులో వినపడింది.

“పగలు పడుకునేది యాడ?”

రైతు లేచి క్యాలెండరు కాగితం తిప్పాడు.

“నాకొద్దులే సార్,” అన్నాడు మూడో గుంటాయన. గొంతులో కోపం లేదు. “ఇప్పుడు రాత్రి పడుకుంటే తెల్లారిందాకా నిద్రపడతుండాది.”